కుండను కొట్టి చూసినట్టు...

కుమ్మరి దగ్గర కుండ కొనేవాళ్లెవరూ దాన్ని ఊరికే చూసి కొనరు. ఓ చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేతి వేలి కణుపుతో చిన్న దెబ్బ వేస్తారు. ఖంగుమంటే డబ్బులిస్తారు. బొద్దుగా పలికితే పక్కన పెట్టేస్తారు. కంటికి కనపడని సన్నటి పగులు చెవికి దొరికిపోతుంది. పుచ్చకాయకూ, కొబ్బరికాయకూ ఇదే పరీక్ష.

మరి వేలకు వేలు పోసి కొనే స్పీకర్లకో? షాపులో ఏదో హిట్టు పాట పెడతారు. దడదడమని బేస్ మోగుతుంది. 'అబ్బ, సౌండ్ అదిరింది' అనుకుని ఇంటికి తెచ్చుకుంటారు. నెల తిరక్కుండానే ఎక్కడో ఓ చోట గరగరమంటుంది. తప్పు స్పీకర్‌దా, ఆంప్లిఫయర్‌దా, వైరుదా, పాటదా? ఎవరికీ అంతుపట్టదు. మైక్ సెట్ అద్దెకిచ్చి బతికేవాళ్లకైతే ఇది మరీ ప్రాణసంకటం. పెళ్లి పందిట్లో మంత్రాలు సగం వినపడకపోతే కోత పడేది వాళ్లకొచ్చే డబ్బులోనే.

స్పీకర్‌నీ కుండలా కొట్టి చూడొచ్చు. ఆ దెబ్బ పేరే టెస్ట్ టోన్. దాన్ని తయారు చేసుకోవడానికి కావాల్సిందల్లా ఓ కంప్యూటరూ, ఓ ఉచిత సాఫ్ట్‌వేరూ.

పాటతో పరీక్ష ఎందుకు కుదరదు?

పాటలో వందల ధ్వనులు క్షణక్షణం మారిపోతుంటాయి. రికార్డింగులో అసలేముందో వినేవాళ్లకు తెలీదు. ఆ గరగర సంగీత దర్శకుడు కావాలని పెట్టిన గిటార్‌ది కూడా కావచ్చు. వచ్చిన శబ్దం తప్పో ఒప్పో చెప్పాలంటే, లోపలికి వెళ్లిన శబ్దమేమిటో ముందు తెలియాలి.

టెస్ట్ టోన్ సుగుణం అదే. సెకనుకు 1,000 కంపనాలు, అంటే 1,000 హెర్ట్జ్ టోన్ అనుకుంటే, మొదటి నుంచి చివరిదాకా అదొక్కటే, ఒకే స్థాయిలో ఉంటుంది. ఎక్కదు, దిగదు, దానికి మరేదీ తోడవదు. కాబట్టి బయటికి వచ్చేటప్పుడు అందులో ఇంకేదైనా కలిసిందంటే అది మధ్యలోని పరికరాలదో, గదిదో అయ్యుండాలి. తక్కెడ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి తూనికరాయి పెడతారు గానీ, గుమ్మడికాయ పెట్టరు కదా! శబ్దానికి టెస్ట్ టోనే తూనికరాయి.

ఒకప్పుడు దూరదర్శన్‌లో కార్యక్రమాలు మొదలయ్యే ముందు తెరమీద రంగుల పట్టీలూ, వెనకాల ఆగకుండా ఓ కూతా వచ్చేవి. టీవీ పాడైందేమోనని పిల్లలు కంగారుపడేవారు. పాడవలేదు సరికదా, పట్టీలు బొమ్మకూ, కూత శబ్దానికీ తూనికరాళ్లన్నమాట.

గరాజ్‌లో పుట్టిన కూత

ఈ కూత వెనక పెద్ద చరిత్రే ఉంది. 1939లో అమెరికాలోని పాలో ఆల్టోలో విలియం హ్యూలెట్, డేవిడ్ ప్యాకార్డ్ అనే ఇద్దరు స్నేహితులు 538 డాలర్ల పెట్టుబడితో, ఓ ఇంటి కారు గరాజ్‌లో వ్యాపారం మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో ప్రపంచమంతా కంప్యూటర్లూ, ప్రింటర్లూ అమ్మిన హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ అదే. వాళ్ల తొలి సరుకు మాత్రం కంప్యూటర్ కాదు, టెస్ట్ టోన్లు పుట్టించే ఆడియో ఆసిలేటర్. దానికి '200ఏ' అని పేరు పెట్టారు. '1' అంటే నిన్నమొన్న వచ్చిన కుర్రాళ్లని తెలిసిపోతుందని ఆ పెద్ద అంకె!

అప్పట్లో అలాంటి యంత్రాలకు 200 డాలర్లకు పైనే అయ్యేది. వీళ్లు 54 డాలర్ల 40 సెంట్లకే ఇచ్చారు. కిటుకంతా ఓ చిన్న కరెంటు బల్బులో ఉంది. టోన్ స్థాయి పెరగబోతే బల్బులోని తీగ వేడెక్కుతుంది. వేడెక్కితే దాని నిరోధం పెరిగి టోన్‌ను వెనక్కి లాగుతుంది. తగ్గబోతే తీగ చల్లబడి మళ్లీ పైకి తెస్తుంది. టోన్ స్థాయి కుదురుగా ఉండటానికి అంతకుముందు ఎంతో ఖర్చయ్యేది. హ్యూలెట్ ఆ పని ఓ బల్బుతో కానిచ్చేశాడు.

దీనికి మార్పులు చేసిన '200బి' యంత్రాలను వాల్ట్ డిస్నీ స్టూడియో ఎనిమిది కొంది. 1940లో విడుదలైన 'ఫాంటాసియా' సినిమాకు హాలు చుట్టూ స్పీకర్లు పెట్టే కొత్త శబ్ద విధానాన్ని వాళ్లు సిద్ధం చేస్తున్నారు. ఆ సినిమా ఆడే హాళ్లలో పరికరాలు సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూడ్డానికి ఈ యంత్రాలు అక్కరకొచ్చాయి. ప్రేక్షకులు సంగీతం వినక ముందే ఆ హాళ్లు టోన్లు విన్నాయన్నమాట.

నాలుగు గడులు నింపితే చాలు

అప్పుడు బల్లంత యంత్రం చేసిన పని ఇప్పుడు ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓ మెనూ చేస్తుంది. వాటిలో బాగా పేరున్నది 'ఆడాసిటీ'. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో విద్యార్థి డొమినిక్ మజోనీ, ఆయన ప్రొఫెసర్ రోజర్ డానెన్‌బర్గ్ 1999లో దీన్ని మొదలుపెట్టారు. 2000లో అందరికీ ఉచితంగా ఇచ్చారు.

ఇందులో 'జనరేట్' మెనూ తెరిచి 'టోన్' ఎంచుకుంటే నాలుగు గడులు కనిపిస్తాయి. మొదటిది వేవ్‌ఫామ్, అంటే తరంగం ఆకారం. పరీక్షలకు 'సైన్' పెట్టాలి. వేణువు మెల్లగా పలికినంత నున్నగా ఉంటుంది. పక్కనుండే 'స్క్వేర్'లో అసలు ధ్వనితో పాటు దానికి మూడింతలు, ఐదింతలు, ఏడింతల ధ్వనులూ కలిసొస్తాయి. 440 హెర్ట్జ్ అడిగితే 1,320, 2,200 కూడా వెంట వస్తాయి. తూనికరాయికి బెల్లం అంటుకున్నట్టే!

రెండోది ఫ్రీక్వెన్సీ. మామూలుగా 440 అని ఉంటుంది. పాశ్చాత్య వాద్యాలను శ్రుతి చేసుకునే ప్రమాణం అది. పరీక్షకు 1,000తో మొదలుపెట్టడం ఆనవాయితీ. మూడోది ఆంప్లిట్యూడ్, అంటే ఎంత గట్టిగా అన్నది. అక్కడుండే 0.8ని తీసేసి 0.1 రాయండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది. నాలుగోది ఎంతసేపు. పది సెకన్లు చాలు.

మీట నొక్కగానే తెరమీద నీలిరంగు పట్టీ పరుచుకుంటుంది. దగ్గరికి లాగి చూస్తే ఒకదాని వెనక ఒకటి సమానమైన అలలు. మొదట్లో కొంచెం భాగం ఎంచుకుని 'ఫేడ్ ఇన్', చివర్లో 'ఫేడ్ అవుట్' ఇస్తే మొదట్లో, చివర్లో టిక్కుమనే శబ్దం రాదు. తర్వాత 'వేవ్' ఫైలుగా దాచుకోవాలి. ఎంపీ3 వద్దు. ఫైలును కుదించే క్రమంలో అది శబ్దాన్ని మారుస్తుంది. మార్చేసిన తూనికరాయితో తూకమేముంటుంది?

ఇంకో లెక్క కూడా ఉంది. కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా రాసుకుంటే, అందులో సగం వరకే, అంటే 22,050 హెర్ట్జ్‌లోపు ధ్వనులే అందులో పడతాయి. మనిషి చెవి మహా అయితే 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది కాబట్టి అది చాలు.

దెబ్బకో గుట్టు

టోన్ చేతిలో ఉంటే ఏమేం తెలుసుకోవచ్చు?

కుడి ఎడమలు: ఓ టోన్‌ను ఎడమవైపుకే, ఇంకోదాన్ని కుడివైపుకే ఇచ్చి వినాలి. ఎడమది కుడినుంచి వస్తే వైర్లు తారుమారయ్యాయని అర్థం. ఒకవైపు రాకపోతే ఆ రెండు వైర్లనూ ఆంప్లిఫయర్ దగ్గర అటూఇటూ మార్చి చూడాలి. మూగతనం రెండో స్పీకర్‌కు మారితే తప్పు ఆంప్లిఫయర్‌లోనో, దానికి ముందో ఉంది. అదే స్పీకర్‌లో ఉండిపోతే ఆ స్పీకర్‌దో, దాని వైరుదో. ఆ వైరు కూడా మార్చి చూస్తే అసలు దొంగ దొరికిపోతాడు. అయిదు నిమిషాల పని.

ప్లస్, మైనస్: రెండు స్పీకర్లలో ఒకదానికి ఎర్ర, నల్ల వైర్లు తిరగేసి తగిలిస్తే ఏదీ కాలిపోదు, సౌండూ వస్తుంది. కానీ ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. దాంతో బేస్ చప్పబడిపోతుంది. మైక్ సెట్లలో చాలామందికి తెలియకుండానే జరిగే పొరపాటిది. రెండు స్పీకర్లను పక్కపక్కన పెట్టి ఒకే 100 హెర్ట్జ్ టోన్ రెండింటికీ ఇవ్వండి. ఆంప్లిఫయర్ ఆపి, ఒక స్పీకర్ వైర్లు తిరగేసి, మళ్లీ వినండి. ఏ పద్ధతిలో గట్టిగా వినపడితే అదే సరైనది.

గరగర ఎక్కడ?: జనరేట్ మెనూలోని 'చర్ప్' ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి మెల్లగా జారుకుంటూ వెళ్తుంది. 40 నుంచి 1,000 హెర్ట్జ్ దాకా అరనిమిషంలో వెళ్లేట్టు చేసి, తక్కువ సౌండుతో వినండి. మధ్యలో ఎక్కడైనా 'గిర్ర్' మంటే ఆ చోటు గుర్తుపెట్టుకుని, ఆ ఫ్రీక్వెన్సీతో విడిగా టోన్ చేసుకుని చెవి దగ్గర పెట్టి వెతకొచ్చు. చాలాసార్లు దోషం స్పీకర్‌ది కాదని తేలుతుంది. కిటికీ అద్దమో, గోడమీది ఫొటో ఫ్రేమో, షోకేసులోని ఇత్తడి బొమ్మో ఆ శ్రుతికి వణుకుతూ ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకోగానే గరగర ఆగిపోతుంది. కొత్త స్పీకర్ కొనే ఖర్చు తప్పుతుంది.

గుయ్యిమనే రొద: కంప్యూటర్ సౌండ్ అవుట్‌పుట్ నుంచి లైన్ ఇన్‌పుట్‌కు ఓ వైరు కలిపి, 1,000 హెర్ట్జ్ టోన్‌ను పంపి మళ్లీ రికార్డు చేయండి. 'అనలైజ్' మెనూలో 'ప్లాట్ స్పెక్ట్రమ్' అంటే ఏయే ధ్వని ఎంతుందో గీతల్లో చూపిస్తుంది. 1,000 దగ్గర ఒక్క శిఖరమే లేస్తే అంతా శుభ్రం. 2,000, 3,000 దగ్గర పిల్ల శిఖరాలు లేస్తే ఎక్కడో శబ్దం వికారమవుతోంది. ముందు సౌండు తగ్గించి చూడాలి. 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర లేస్తే అది ఇంటి కరెంటు చేసే రొద. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూఇటూ ఊగుతుంది కాబట్టి దాని సంతకం అక్కడే పడుతుంది. ఎర్తింగ్‌నో, కరెంటు వైరు పక్కనే పరిచిన మైకు వైరునో అనుమానించాలి.

స్పీకర్‌దే తప్పనుకోవద్దు

100 హెర్ట్జ్ టోన్ పెట్టి గదిలో నాలుగడుగులు నడిచి చూస్తే ఓ వింత. ఒకచోట గుండెల్లో మోగుతుంది, రెండడుగులు జరిగితే వినపడీ వినపడనట్టు ఉంటుంది. ఇందులో స్పీకర్ మాయ లేదు. ఆ ధ్వని అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. గోడలకు కొట్టుకుని తిరిగొచ్చిన అలలు ఒకచోట కలిసి పెరుగుతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి తినేస్తాయి. ఫంక్షన్ హాల్లో ముందు వరస వాళ్లు బాగుందంటే, పక్క వరస వాళ్లు బాలేదనడానికి ఇదీ ఓ కారణమే.

అందుకే హాలంతటికీ సౌండు సర్దేటప్పుడు ఒంటి టోన్ బదులు 'నాయిస్' వాడతారు. వైట్ నాయిస్ అంటే అన్ని ఫ్రీక్వెన్సీలూ సమంగా కలిసిన బుస్సుమనే శబ్దం. పింక్ నాయిస్‌లో పైస్థాయికి పోయేకొద్దీ శక్తి తగ్గుతూ, ప్రతి అష్టకానికీ, అంటే కింది 'స' నుంచి పై 'స' వరకు ఉండే దూరానికి, ఒకే వాటా దక్కుతుంది. మన చెవి వినే తీరుకు అది దగ్గర. దూరంగా జలపాతం పడుతున్నట్టు వినిపిస్తుంది. హాళ్లను దీంతోనే సర్దుతారు.

అదే మెనూలో 'డీటీఎంఎఫ్' అని ఇంకోటుంటుంది. ఫోన్లో 'తెలుగు కోసం ఒకటి నొక్కండి' అన్నప్పుడు వినపడే కీచు అదే. ప్రతి మీటకూ రెండు టోన్లు జంటగా పలుకుతాయి. 1కి 697, 1,209 హెర్ట్జ్‌లు. 5కి 770, 1,336. 1963లో అమెరికాలో బెల్ కంపెనీ తెచ్చిన పద్ధతిది. ఏ మీట నొక్కారో అవతలి యంత్రం ఈ జంటను బట్టే గుర్తుపడుతుంది. లోపలికి వెళ్లినదేమిటో కచ్చితంగా తెలిస్తే యంత్రానికైనా పని సులువే.

చెవులు జాగ్రత్త!

ఇప్పుడు 0.1 సంగతి. టోన్లు వినడానికి అమాయకంగా ఉంటాయి గానీ, సంగీతం కన్నా ప్రమాదకరం. పాటలో గట్టి శబ్దం వచ్చి పోతుంది, మధ్యలో విరామం ఉంటుంది. టోన్ ఆగకుండా ఒకేచోట పొడుస్తుంది. అందులోనూ 15,000 హెర్ట్జ్‌లాంటి పైస్థాయి టోన్లు సరిగ్గా వినపడవు. 'రావట్లేదే' అని సౌండు పెంచుకుంటూ పోతారు. చెవికి తెలియకుండానే స్పీకర్‌లోని చిన్న ట్వీటర్ వేడెక్కి మాడిపోతుంది. పక్కనున్న చంటిపిల్లల చెవుల్లో మాత్రం అది పూర్తిగా మోగుతూనే ఉంటుంది.

వయసు పెరిగేకొద్దీ పైస్థాయి వినికిడి తగ్గడం సహజం. దీన్ని ఆసరా చేసుకునే 2005లో బ్రిటన్‌లోని వేల్స్‌లో హోవర్డ్ స్టేపుల్టన్ అనే ఆయన 'మస్కిటో' అనే యంత్రం చేశాడు. దుకాణాల ముందు గుంపులుగా చేరే కుర్రకారును తరమడానికి 17,400 హెర్ట్జ్ దగ్గర కీచుమనిపించేవాడు. పెద్దవాళ్లకు ఏమీ వినపడేది కాదు. కుర్రాళ్లు ఊరుకుంటారా? అలాంటి కూతనే సెల్‌ఫోన్ రింగ్‌టోన్‌గా మార్చుకుని, క్లాసులో టీచర్లకు వినపడకుండా మెసేజ్‌లు అందుకున్నారు! కాబట్టి యాభై ఏళ్ల వ్యక్తికి 16,000 హెర్ట్జ్ టోన్ వినపడకపోతే అది స్పీకర్ లోపం కాదు, కంగారుపడాల్సిన జబ్బూ కాదు.

అలాగని ఇంట్లో చేసుకున్న టోన్లతో 'మా అబ్బాయి చెవులు భేష్' అని తేల్చేయడం తప్పు. ఆస్పత్రిలో ఆడియోమీటర్ కూడా 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు ఇలాంటి టోన్లే వినిపిస్తుంది. కానీ ఏ టోన్ చెవికి ఎంత బలంతో చేరుతోందో దాన్ని ముందే కొలిచి సరిచేసి ఉంచుతారు. ఇంట్లో హెడ్‌ఫోన్‌కు ఆ కొలత లేదు.

ఓ చిన్న పరీక్ష మాత్రం పనికొస్తుంది. తక్కువ సౌండులో 1,000 హెర్ట్జ్ టోన్ వింటుంటే ఒక చెవిలో బాగా తక్కువగా ఉందనుకోండి. హెడ్‌ఫోన్‌ను కుడి ఎడమలు తిప్పి పెట్టుకోవాలి. ఆ తేడా రెండో చెవికి మారితే తప్పు హెడ్‌ఫోన్‌ది. అదే చెవిలో ఉండిపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి. వినికిడి హఠాత్తుగా తగ్గినట్టయితే మరునాటికి కూడా వాయిదా వేయకూడదు. పాడైన స్పీకర్‌ను మార్చుకోవచ్చు. చెవి లోపలి సన్నటి కణాలు చచ్చిపోతే మళ్లీ మొలవవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలదాకా వినొచ్చు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగమైపోతుంది. 90 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది వారానికి నాలుగు గంటలే. అందుకే టోన్ మొదలుపెట్టే ముందు సౌండు పూర్తిగా తగ్గించి, తర్వాత కొద్దికొద్దిగా పెంచాలి. హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకున్నాక ప్లే నొక్కడం కాదు, ప్లే నొక్కాక మెల్లగా చెవి దగ్గరికి తేవాలి.

కుండను కొట్టి చూసేవాళ్లు వేలి కణుపే వాడతారు. మంచిదో కాదో తెలియడానికి అంత దెబ్బ చాలు. పరీక్ష పేరుతో రోకలి ఎత్తితే మిగిలేవి పెంకులే.